కంటి యలసటకు కారణము గనుగొన్న డాండర్సు పండితుడు

రాత్రివేళ దీపము వెలిగించి పుస్తకము తెఱచిన కొంతసేపటికే అక్షరములు మసకబాఱి యొకదానితో నొకటి కలిసిపోవుటయు, కనుబొమలపై బరువు నిలిచినట్లుండుటయు, కన్నులు మూసి చేతితో రుద్దుకొని మరల తెఱచినచో అక్షరములు తేటగా గానవచ్చుటయు, రెండు పుటలు ముగియకమునుపే మరల నదే బాధ కలుగుటయు మనలో గొందఱకు అనుభవవేద్యమే. ఇట్టి విద్యార్థిని ఇంటివారు నిద్రమొగమువాడందురు. తోడి బాలురు సోమరి యందురు. వాడును కొన్నాళ్లకు ఆ మాటయే నిజమని నమ్మి పుస్తకమును చూచినంతనే భయపడసాగును. వైద్యుడు చూచినచో కన్నులలో ఎఱుపు లేదు, నీరు లేదు, పుండు లేదు. దూరమున నున్న తాటిచెట్టు తలయు, గుడి గోపురమును వానికి చక్కగా గనబడుచునే యుండును. మఱి రోగ మెక్కడ నున్నది?

పందొమ్మిదవ శతాబ్దము నడిమివఱకు ఐరోపాఖండమునందలి గొప్ప గొప్ప వైద్యులకును ఈ ప్రశ్నకు సరియైన యుత్తరము తెలియదు. ఆ యుత్తరమును చెప్పినవాడు హాలెండు దేశస్థుడైన ఫ్రాన్సిస్కసు కొర్నేలియసు డాండర్సు. విద్యుద్దీపమును ఇల్లిల్లకు చేర్చిన ఎడిసను పేరు బాలబాలికలందఱు నెఱుగుదురు. ఆ దీపము క్రింద గూర్చుండి కన్ను అలయక చదువుకొనుటకు దారి చూపినవాని పేరు మాత్రము కంటివైద్యులకు దక్క నితరులకు అంతగా దెలియదు. అందుచేత ఈ సంచికలో ఆయన చరిత్రమును మాకు చేతనైనంత వఱకు వ్రాయ దలచితిమి.

డాండర్సు 1818వ సంవత్సరము మే నెల 27వ తేదీన హాలెండు దేశపు దక్షిణభాగమునందలి టిల్‌బర్గు పట్టణమున జన్మించెను. ఎనమండుగురు ఆడపిల్లల తరువాత ఆ యింట బుట్టిన మొదటి మగబిడ్డ ఆయనయే. శిశువు పుట్టిన కొలదికాలమునకే తండ్రి మరణించెను. అంత సంసారమును ఈడ్చుకొని వచ్చిన భారము తల్లిమీద బడెను. ఏడేండ్లు నిండిన బాలుని ఆమె దూరముననున్న యొక గ్రామపు వసతిపాఠశాలకు బంపెను. తరువాత బాక్స్‌మేరు నగరమునందు లాటిను పాఠశాలలో విద్య గఱపించిరి. మొదట నీ బాలుడు మతగురువు కావలెనని పెద్దల యాలోచన. అయిన నాయన పదునేడవ యేట యూట్రెక్టు నగరమునందలి సైనిక వైద్యపాఠశాలలో జేరెను. పేదబాలురు వైద్యము నేర్చుటకు అది మంచి మార్గము. ప్రభుత్వమువారే చదువు చెప్పించి పిదప సేనలో కొలువు నిచ్చెడువారు.

1840లో లైడెను విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము నంది వ్లిసింగెను రేవునందును, హేగు నగరమునందును సైనిక వైద్యుడుగా బనిచేసెను. 1842లో తాను చదివిన యూట్రెక్టు పాఠశాలకే ఉపాధ్యాయుడై తిరిగి వచ్చి శరీరనిర్మాణ శాస్త్రమును, శరీరధర్మ శాస్త్రమును బోధింప నారంభించెను. జీతము స్వల్పము. 1845లో ఎర్నెస్టీను అను నామెను, ఒక లూథరను మతాచార్యుని కుమార్తెను, వివాహమాడెను, సంసారభారము పెరిగెను. ఆ దినములలో కొంత ధనము సంపాదించుకొనుటకై రూట్ అను జర్మను పండితుడు వ్రాసిన నేత్రవైద్య గ్రంథమును డచ్చి భాషలోనికి అనువదించెను. ఆ గ్రంథమును తన భాషలో బెట్టుచున్నప్పుడే కంటినిగూర్చి మానవునకు దెలిసినది ఎంత స్వల్పమో ఆయనకు బోధపడెను. కూటికొఱకు బట్టిన కలమే ఆయనను జీవితమంతయు జేయవలసిన పనియొద్దకు దీసికొనిపోయెననుట యతిశయోక్తి కాదు.

1847లో యూట్రెక్టు విశ్వవిద్యాలయమువారు ఆయనను ఆచార్యునిగా నియమించిరి. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమును జూచుటకు వేలకొలది జనులు సముద్రము దాటి వెళ్లిరి. డాండర్సును వెళ్లెను గాని, ఆయన కచ్చట లభించిన సంపద ప్రదర్శనశాలలో లేదు. బెర్లిను నగరపు యువవైద్యుడు గ్రేఫెయు, లండను వైద్యుడు బోమనును ఆయనకు మిత్రులైరి. ఆ స్నేహము వారి జీవితాంతము వఱకు చెడలేదు. ఆ సంవత్సరముననే హెల్మ్‌హోల్ట్జు పండితుడు బ్రతికియున్న మానవుని కంటిలోపలి భాగమును గన్నులార జూచుటకు వీలగు నేత్రదర్శిని యను యంత్రమును లోకమునకు దెలియజేసెను. అంతకుముందు చీకటిగది వలె నుండిన కంటిలోనికి వైద్యుడు తొంగిచూడగలిగెను. ఇంటికి దిరిగివచ్చిన డాండర్సు ఇక నేత్రవైద్యమే తన వృత్తిగా నిశ్చయించుకొనెను. రోగుల సంఖ్య నానాటికి హెచ్చెను. 1858లో చందాలు ప్రోగుచేసి యూట్రెక్టులో పేదలైన నేత్రరోగులకొఱకు ప్రత్యేకముగా ఒక వైద్యశాలను నెలకొల్పిరి. దానికి డాండర్సే అధ్యక్షుడు.

ఇక అసలు విషయమునకు వత్తము. మేము మొదట జెప్పిన బాధకు వైద్యులు అస్థెనోపియా యని పేరు పెట్టియుండిరి. కంటికి బలము లేకపోవుట యని దాని యర్థము. పేరు పెట్టిరి గాని కారణము దెలియలేదు. కంటి వెనుకనుండు రెటీనా యను పలుచని పొర మితిమీరిన పనిచే బలహీనమైనదని కొందఱనిరి. నరములు చెడినవని కొందఱనిరి. కుట్టుపని చేయు స్త్రీలు, దర్జీలు, గుమాస్తాలు, అచ్చుకూర్పరులు, విద్యార్థులు ఈ బాధతో నెక్కువగా వచ్చెడువారు. ఆదివారము విశ్రాంతి పొంది సోమవారము కొంత హాయిగా బనిచేయుదురు; వారము సాగినకొలది బాధ హెచ్చును. పగలు కొంత నయము, దీపము పెట్టిన పిమ్మట దుర్భరము. వైద్యులు చల్లని నీళ్లతో కన్నులు కడుగుమనిరి, జలగలు పట్టించిరి, చీకటిగదిలో గూర్చుండబెట్టిరి. ఏదియు ఫలింపనప్పుడు చదువు మానుమనిరి, వృత్తి మార్చుకొని బయలున జేయు పని వెదకుకొమ్మనిరి. సూదిపనిచే బిడ్డలను బోషించుకొను విధవరాలికి ఈ చికిత్స యెట్టిదో చదువరులే యూహింతురు గాక. కుంభాకార కటకములు గల సులోచనములను, అనగా ముసలివారు ధరించు అద్దములవంటివానిని, పెట్టుకొన్నప్పుడు కొందఱకు సుఖము గలుగుట వైద్యులు చూడకపోలేదు. అయినను పడుచువాని కంటికి ముసలివాని అద్దములు పెట్టినచో దృష్టి చెడిపోవునని భయపడి వానిని నిషేధించుచుండిరి. చేతియందున్న మందును విషమని పాఱవేసినట్లాయెను.

డాండర్సు ఈ చిక్కును విప్పిన విధము తెలియుటకు కంటి పని కొంచెము తెలియవలెను. దూరపు వస్తువునుండి వచ్చు కిరణములు కంటిలోని కటకముచే గూడదీయబడి రెటీనాపై బడినగాని రూపము తేటగా దోపదు. దగ్గఱి వస్తువును చూచునపుడు కటకము మఱింత ఉబ్బెత్తు కావలెను. హాలెండు దేశీయుడే యైన క్రామరును, పిదప హెల్మ్‌హోల్ట్జును ఈ సంగతిని స్థాపించియుండిరి. కటకమును అట్లు ఉబ్బునట్లు చేయునది కంటిలోపలి యొక చిన్న కండరము. అది బిగిసినప్పుడు దగ్గఱి వస్తువు తేటపడును. సడలినప్పుడు దూరపు వస్తువు తేటపడును. సరియైన కన్ను గలవాడు ఆకాశమును, పొలములను జూచునంతసేపును ఈ కండరమునకు విశ్రాంతియే.

అయితే కొందఱ కంటిగ్రుడ్డు ముందునుండి వెనుకకు పొట్టిగా నుండును. అట్టి కంటిలో కిరణములు కూడుకొనకమునుపే రెటీనా యడ్డుపడును. కాబట్టి దూరపు వస్తువును జూచుటకు గూడ ఆ కండరము బిగియవలసినదే. ఇక పుస్తకమును జూచుటకు రెండింతలు బిగియవలెను. పడుచువాని కండరము బలమైనది గనుక ఆ పనిని నోరెత్తక చేయును. వానికి దూరమును దగ్గఱయు గనబడుచునే యుండును. తనకన్నులలో లోపమున్నదని కలలోనైనను అనుకొనడు. అయిన నెంతటి బలవంతుడైనను నిండుబిందె నెత్తి చేయి చాచి పట్టుకొని గంటసేపు నిలువగలడా? కండరము అలసి పట్టు వదలును, అక్షరములు మసకబాఱును. కన్ను మూసిన క్షణకాలము విశ్రాంతి దొరకును. మరల బిగియును, మరల వదలును. ఆ రోగికి గలిగిన యలసట రెటీనాది గాదు, నరములది గాదు, వాని సోమరితనముది యంతకంటె గాదు. పుట్టుకతో వచ్చిన కంటి కొలతది. ఆ కన్ను చేయు అదనపు పనిని ఒక గాజుముక్క చేయగలదు. తగిన కుంభాకార కటకమును పెట్టినంతనే కండరము సడలి, ఇతరుల కన్నువలెనే సుఖముగా బనిచేయును.

ఇది యూహ యని కొందఱందురేమో యని డాండర్సు దానిని పరీక్షచే నిలువబెట్టెను. బెల్లడోనా యను మొక్కనుండి తీయు అట్రోపీను చుక్కలను కంటిలో వేసినచో ఆ కండరము కొంతకాలము బిగియుట మానును. అట్లు చుక్కలు వేసి చూడగా, అంతవఱకు దూరమును చక్కగా జూచుచుండిన రోగికి దూరపు వస్తువులును మసకలాయెను. కుంభాకార కటకము పెట్టినంతనే తేటలాయెను. దాగియున్న లోపము బయటబడెను. చిన్నపిల్లలకు వైద్యులు సులోచనములు వ్రాయుటకు ముందు చుక్కలు వేయుటకు నిదియే కారణము. ఆ చుక్కలు వేసిన దినమున బడికి వెళ్లి పుస్తకము చదువలేక తిట్లు తిన్నవారు మనలో నుండవచ్చును. వారికైన నీ సంగతి యూరట నిచ్చు గాక.

దీపమునకును ఈ బాధకును గల సంబంధము గూడ ఇందువలన దెలిసినది. వెలుతురు మంచిదైనప్పుడు కంటిపాప చిన్నదగును. చిన్న రంధ్రముగుండ వచ్చు కిరణములు కొంచెము తప్పి పడినను అక్షరము అంతగా చెదరదు. దీపము మందమైనప్పుడు పాప పెద్దదగును, చెదరుట హెచ్చగును. పైగా మసక వెలుతురులో పుస్తకమును కంటికి మఱింత దగ్గఱగా బట్టుకొందుము. కండరముమీద బరువు మఱింత పెరుగును. అందుచే పగలు ఎట్లో దాటివచ్చిన లోపము రాత్రి దీపముక్రింద బట్టుబడును. చత్వారము వచ్చిన వృద్ధులు దీపమును పుస్తకమునకును మొగమునకును నడుమ బెట్టుకొని చదువుట పల్లెటూళ్లలో జూచి మేము నవ్వుకొన్న దినములు గలవు. వారి చేత తెలివితక్కువది గాదు. వెలుగు కంటిలో బడి పాప చిన్నదై యక్షరము వారికి తేటపడుచున్నది.

చత్వారమును, ఈ పొట్టికంటి దోషమును పూర్వు లొక్కటిగానే యెంచిరి. రెండును వేఱని విడదీసినవాడు డాండర్సు. కన్ను పొట్టిదగుటవలన వచ్చునది దీర్ఘదృష్టి. పొడవగుటవలన వచ్చునది హ్రస్వదృష్టి. ఈ రెండును కంటి యాకారమునకు సంబంధించినవి. చత్వార మట్లుగాదు, వయస్సుతో కటకము గట్టిపడి ఉబ్బలేకపోవుటచే సర్వజనులకును వచ్చునది. ఆయన యనేకుల కన్నులను గొలిచి యే వయస్సున నెంత దగ్గఱ చూడగలరో లెక్క గట్టెను. ఆ లెక్క ప్రకారము పదియేండ్ల బాలుడు సుమారు 7 సెంటిమీటర్ల దూరమున నున్న యక్షరమును చూడగలడు; నలువది యేండ్లవాడు 22 సెంటిమీటర్ల కీవల జూడలేడు; అఱువది యేండ్లవానికి ఇంచుమించు ఒక మీటరు దూరము కావలెను. చేయి చాచి పత్రిక చదువు తాతగారికి చేయి పొడుగు చాలకపోవుట ఇందుచేతనే. అద్దములు వాయిదా వేసికొన్నకొలది కన్ను బలపడునను నమ్మకమును ఆయన యంగీకరింపలేదు. అవసరము తోచిన దినముననే పెట్టుకొనుట మంచిదని బోధించెను.

మెల్లకన్నునుగూర్చియు ఆయన యొక గొప్ప సంగతి కనుగొనెను. దగ్గఱ చూచునపుడు కటకము ఉబ్బుటయు, రెండు కన్నులు ముక్కువైపునకు దిరుగుటయు జంటగా జరుగు పనులు. దీర్ఘదృష్టి గల శిశువు కటకమును మితిమీఱి ఉబ్బజేయవలసి యుండుటచే ఒక కన్ను లోపలికి దిరిగిపోవుచున్నది. పలువురు బిడ్డల మెల్లకు నిది కారణము. సులోచనములచే దానిని గొంతవఱకో పూర్తిగనో సరిచేయవచ్చును. మన దేశమున మెల్లకన్ను అదృష్టమని సంతోషించి యూరకుండు తల్లిదండ్రు లున్నారు. చికిత్స ఆలసించినకొలది ఆ కన్ను చూపు నేర్వక మందగించునని వారెఱుగరు.

ఈ పరిశోధనల నన్నిటిని డాండర్సు ఒక మహాగ్రంథముగా సమకూర్చెను. చిత్రమేమన, ఆ గ్రంథము డచ్చి భాషలో వ్రాయబడినను మొదట బ్రకటింపబడినది ఇంగ్లీషున. డబ్లిను వైద్యుడైన మూరు వ్రాతప్రతినుండి అనువదింపగా 1864లో లండను నగరమునందలి న్యూ సిడెన్‌హాము సంఘమువారు దానిని బ్రచురించిరి. డాండర్సు దానిని తన మిత్రుడు బోమనునకు అంకితము చేసెను. కంటి యలసటనుగూర్చి వ్రాసిన ప్రకరణమున మాత్రము ఆయన తన సంతోషమును దాచుకొనలేదు. ఈ బాధచే నిక నెవ్వరును వృత్తిని వదలుకొన నక్కరలేదని తృప్తితో చెప్పుకొనెను. అంతవఱకు అద్దములు అంగడిలో గొనువాని యిష్టముచొప్పున నేరుకొను సరకుగా నుండెను. ఆ గ్రంథము వెలువడిన పిమ్మట అవి కొలిచి యిచ్చు ఔషధమాయెను.

కొలుచుటకు సాధనము గావలెను గదా. డాండర్సుకు సహాయుడైన స్నెల్లెను 1862లో అక్షరముల పటమును బ్రకటించెను. పైన నొక పెద్ద యక్షరము, క్రిందికి వచ్చుకొలది చిన్నవి. నేటికిని కంటి యాసుపత్రి గోడమీద మనకు మొదట గనబడునది అదియే. ఆ సంవత్సరముననే యూట్రెక్టు శరీరధర్మశాస్త్ర పీఠము ఖాళీ కాగా డాండర్సు దానిని స్వీకరించి, వైద్యశాలలోని పనిని క్రమముగా స్నెల్లెనున కప్పగించెను. పేరును, ధనమును వచ్చుచుండగా రోగులను విడిచి మరల ప్రయోగశాలకు బోవుట లోకులకు వింతగా దోచియుండును. మాకు మాత్రము ఆయన స్వభావమంతయు ఆ యొక్క పనిలో గనబడుచున్నది. కన్ను తరువాత మనస్సును గొలువబూనెను. మానవుడు ఒక శబ్దమును విని జవాబిచ్చుటకును, రెండు శబ్దములలో నేదో తేల్చుకొని జవాబిచ్చుటకును గల కాలభేదమును గొలిచి, తేల్చుకొనుటకు మనస్సునకు బట్టిన కాలమును లెక్కించి 1868లో బ్రకటించెను. బిడ్డ బిగ్గఱగా నేడ్చునపుడు కన్నుల చుట్టునున్న కండరములు ఏల బిగియునని డార్విను అడుగగా, ఆయనకొఱకు ఆ సంగతిని బరిశోధించి తెలియజెప్పెను.

పాఠశాలలకు గూడ ఆయన పరంపరనుండి మేలు గలిగినది. కంటిని సరిగా గొలుచుట యలవడిన పిమ్మట, 1860 తరువాత, బ్రెస్లా నగరపు వైద్యుడు హెర్మను కోను 10,060 మంది బాలబాలికల కన్నులను బరీక్షించి, తరగతి పెరిగినకొలది హ్రస్వదృష్టి గలవారు పెరుగుచున్నారని 1867లో బ్రకటించెను. చీకటి గదులును, వంగి వ్రాయవలసిన బల్లలును మారవలెననియు, గది నేలలో అయిదవవంతైనను కిటికీ అద్దము లుండవలెననియు ఆయన వాదించెను. హ్రస్వదృష్టికి బిడ్డలు బయలి వెలుతురున దగినంతసేపు గడపకపోవుటయు నొక కారణమని యిటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. ఆటస్థలమును తరగతిగది కాచుకొనవలసిన కారణము మఱొకటి దొరకినట్లయినది.

నేడు దీపముక్రింద పుస్తకము మాత్రమే గాక దీపమువలె వెలుగు పలకలు, ఫోనులు, కంప్యూటర్లు మన చేతులలోనికి వచ్చినవి. వానిని చూచునపుడు ఱెప్పపాటు తగ్గి కన్ను ఆరిపోవును. ఫోనును పుస్తకముకంటె దగ్గఱగా బట్టుకొందుము. చీకటిగదిలో ప్రకాశించు పలక యొక్కటియే కన్నులలో గ్రుచ్చుకొనును. ఇవన్నియు నిజమే. అయినను వెలుతురు సవరించినను, పలకను దూరముగా బెట్టినను తలనొప్పి తగ్గని బాలునకు డాండర్సు కాలమునాటి లోపమే యుండవచ్చును. పలకను దూషించి యంతటితో విడిచిపెట్టినచో కన్ను కొలుచువారు లేకపోవుదురు.

డాండర్సు గృహజీవితమున దుఃఖము లేకపోలేదు. ఆయన యొక్కతే కుమార్తె, ఆయన శిష్యసహచరుడైన ఎంగెల్మను భార్య, ప్రసవించి యౌవనముననే మరణించెను. గ్రేఫెయు 1870లో నలువది రెండేండ్లకే కాలము చేసెను. డెబ్బది యేండ్లు నిండినవారు ఆచార్యపదవిని విడువవలెనను నియమముచొప్పున 1888లో డాండర్సు పీఠమునుండి దిగెను. దేశదేశముల పండితులు ఆ సందర్భమున ఆయనను గౌరవించిరి. మరుసటి సంవత్సరము మార్చి 24వ తేదీన యూట్రెక్టులోనే పరమపదించెను. 1921లో ఆ నగరమునందలి చర్చి ఆవరణమున ఆయన విగ్రహమును నిలిపిరి. ఆయన స్థాపించిన వైద్యశాల ఆయన పిమ్మటను స్నెల్లెను చేతిలో సాగి, కుట్టుపనివారును, గుమాస్తాలును, పిల్లలును ఆ గుమ్మమున వరుసగా నిలిచి తమ వంతు రాగానే గోడమీది పటములోని యక్షరములను పైనుండి క్రిందికి చదువుచుండిరి.